వెనకగది అద్దం

పాలప్యాకెట్లు గుమ్మంలో పడిన కాసేపటికి వెనకగది అద్దానికి ఏదో తగిలి టప్పుమంది. స్టవ్ ముందు నిలబడిన మేస్త్రి చేతిలో గిన్నె తొణికి కాఫీ పొయ్యి మీద ఒలికింది.

"ఏవండీ, మళ్ళీ ఆ చప్పుడు!" వెనకగదిలోంచి భార్య కేకేసింది.

"ఏం లేదులేవే. కొత్త అద్దం కదా, ఫ్రేములో సర్దుకుంటోంది. పొద్దుటి చలికి బిగుసుకుంటుంది, ఎండెక్కితే వదులవుతుంది. కొన్నాళ్ళు అలా కొట్టుకుంటుంది."

"ఇన్నాళ్ళు సర్దుకునే అద్దాన్ని నేనెక్కడా చూళ్ళేదు. కాపురానికొచ్చిన కొత్తలో మీ అమ్మతో నేనే ఇంతకంటే ముందు సర్దుకున్నాను."

"నువ్వెక్కడ సర్దుకున్నావు? మా అమ్మే సర్దుకుంది పాపం."

లోపల్నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు వినడం కోసం మేస్త్రి ఎన్ని అబద్ధాలైనా ఆడేటట్టున్నాడు.

ఊరంతా ఆయన్ని అద్దాల మేస్త్రి అంటారు. అద్దం గురించి ఆయన ఒక మాట చెప్పాడంటే ఇంక దానికి తిరుగులేదు. అలాంటి మనిషి ఆ అద్దం పేరే చెప్పి కట్టుకున్న భార్యకి కల్లబొల్లి కబుర్లు చెప్తున్నాడు. బిగించిన అద్దం ఎక్కడైనా సర్దుకుంటుందా! చుట్టూ వేసిన సిలికాన్ జిగురు ఒకసారి ఆరిపోయాక అది కదలదు, మెదలదు.

ఆవిడకి కాఫీ ఇచ్చి, చల్లారేలోగా వస్తానని చెప్పి, మేస్త్రి తన లంచ్ క్యారియర్‌లో పైగిన్నె తీసుకుని పెరటి తలుపు తెరిచాడు. మంచం మీంచి చూస్తే పెరడంతా కనిపిస్తుంది, అద్దం అడుగున గోడవారగా ఉన్న కాస్త చోటు తప్ప. అందుకని ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, నడుం వంచి దొంగలా గోడనానుకుని పాక్కుంటూ వెళ్ళాడు.

గోడ మొదట్లో పిచ్చుక పడి ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. మెడ మాత్రం వేలాడిపోయింది. దాన్ని గిన్నెలో పెట్టి మూత వేశాడు. పెరట్లో గొయ్యి తీస్తే ఆవిడ చూస్తుంది, వీధి చెత్తబుట్టలో వేస్తే పక్కింటివాళ్ళు చూస్తారు. అందుకే రోజూ తన అద్దాల కొట్టుకి పట్టుకెళ్ళి అక్కడ పారేస్తున్నాడు. క్యారియర్‌లో కింద అన్నం, పైన పిట్ట. ఆ అన్నం గొంతు దిగక సగం రోజులు పస్తే ఉంటున్నాడు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, వర్షాలు వెనకబడ్డ రోజుల్లో ఆవిడ స్నానాల గదిలో కాలుజారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. డాక్టరు బాగానే అతికిందన్నాడు, ఇక నడవడమే తరువాయి అన్నాడు. పట్టుకుని నడవడానికి ఇనప నడకబల్ల కొనిచ్చారు, వ్యాయామం చేయించడానికి ఒకమ్మాయిని పెట్టారు. ఆవిడ మాత్రం లేవలేదు. "లేచి ఏం ఉద్ధరించాలి?" అని గోడవైపు తిరిగి పడుకుంది. వసపిట్టలా మాట్లాడే మనిషి ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయేసరికి ఇంట్లో గడియారం చప్పుడు కూడా మేస్త్రికి చెవుల్లో గీరుతున్నట్టుండేది.

ఆ వెనకగదికి ఉన్నది అరచేతంత కిటికీ, అదీ చెక్క తలుపులది. "ఊరందరికీ వెలుతురు పంచుతారు, మన ఇంట్లో దీపం కింద చీకటి. ఆ జామచెట్టు కనపడేటట్టు ఒక అద్దం పెట్టి చావచ్చుగా" అని ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే అడిగింది. ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆ చూద్దాంలేతోనే ఇద్దరికీ తలలు నెరిసిపోయాయి. జామచెట్టు ఆవిడ పెంచిందే. దాని మీదికొచ్చే ప్రతి పిట్టనీ ఆవిడ ఎరుగును. ఏది గయ్యాళిదో, ఏది తిండిపోతో, ఏది మొగుణ్ణి సాధించేదో కథలు కథలుగా చెప్పేది. ఆయన పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టేవాడు.

ఆవిడ గోడవైపు తిరిగి తిండి కూడా మానేశాక ఆయనకి కళ్ళు తెరుచుకున్నాయి. పెరటివైపు గోడ అడుగు కాస్త వదిలి పడగొట్టించి, నిలువెత్తు అద్దం తెచ్చి తన చేతులతో బిగించాడు, మంచాన్ని దానికి చేతికందేంత దగ్గరగా జరిపాడు. "మంచాన పడ్డదాన్ని, జడ కూడా వేసుకోను, పక్కింటివాళ్ళు నన్ను చూడకూడదు" అని ఆవిడ అన్నదని, ఖరీదైనదే అయినా పూత పూసిన రకం ఎంచాడు. లోపల్నుంచి పెరడంతా కనిపిస్తుంది. బయట్నుంచి చూస్తే లోపలేమీ కనిపించదు, మొహం చూసుకునే అద్దంలా తళతళలాడుతుంది.

అద్దం బిగించిన పూట ఆవిడ ఇటు తిరిగింది. మర్నాడు దిండ్లు పెట్టించుకుని కూర్చుంది. జామచెట్టు పంగలో, తల మీద నల్లకుచ్చుండే పిగిలిపిట్టలు గూడు పెట్టాయని కనిపెట్టిన రోజున రెండుసార్లు అన్నం అడిగి వేయించుకుంది. ఈమధ్య మంచం అంచుకి జరిగి కాళ్ళు కిందకి వేలాడేసుకుని కూడా కూర్చుంటోంది. వ్యాయామం అమ్మాయి "ఇంక లేవండమ్మా" అంటే మాత్రం "ఎందుకే, నాకన్నీ ఇక్కడికే వస్తున్నాయిగా" అంటోంది.

మొదటి పిట్ట అద్దానికి కొట్టుకుని చచ్చిన రోజు, ఇది ఒక్కటేలే అనుకున్నాడు మేస్త్రి. ఆ తర్వాత అలా అనుకోవడం మానేశాడు.

ఆవేళ పిచ్చుకని గిన్నెలో పెట్టి ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి కూతురు అప్పుడే వచ్చి వంటగదిలో ఉంది. ఆ అమ్మాయికి బస్సు డిపోలో టికెట్లిచ్చే ఉద్యోగం. అత్తవారిల్లు రెండు వీధుల అవతలే. రోజూ డ్యూటీకి వెళ్తూ ఇక్కడ వంట చేసి, తల్లికి జడ వేసి, తండ్రికి క్యారియర్ సర్ది వెళ్తుంది. ఆరోజు తొందరగా వెళ్ళాలని, మేస్త్రి ఆ గిన్నె దాచేలోగానే వచ్చేసింది.

"పైగిన్నె బయట పెట్టావేంటి నాన్నా, కూర అందులో వేస్తాను" అంటూ మూత తీసింది.

మేస్త్రి "అమ్మడూ, ఆగు" అనేలోపే అంతా అయిపోయింది. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. మూత కిందపడి గింగిరాలు తిరిగింది.

"ఏం పడేశారే?" వెనకగదిలోంచి తల్లి అడిగింది.

"మూతమ్మా!" అని పైకి అని, తండ్రి చెయ్యి పట్టుకుని వీధి వరండాలోకి లాక్కెళ్ళింది. "ఏంటి నాన్నా ఇది? అన్నం తినే గిన్నెలో చచ్చిన పిట్టేంటి? మతి ఉండే చేస్తున్నావా?"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇంక దాచి లాభం లేదని అంతా చెప్పాడు. కూతురు వింటూ వింటూ గడప మీద కూలబడింది.

"అమ్మకి చెప్పు."

"చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? తక్షణం మూసెయ్యమంటుంది. మూసేస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి తిరిగితే ఇంక ఇటు తిరగదు తల్లీ. నేను చూశాను దాని మొహం. నువ్వు సాయంత్రానికి మీ ఇంటికి వెళ్ళిపోయేదానివి, నేను చూశాను."

"అయితే పిట్టలు చావాల్సిందేనా?"

"నాకు మీ అమ్మ బతకాలి." అన్నాడు మేస్త్రి. "పిట్టలదేముంది, ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది. మీ అమ్మ పోతే ఇంకో అమ్మ వస్తుందా?"

ఆ మాటకి కూతురు ఏడ్చింది. ఏడుస్తూనే, తప్పని తెలిసీ, సరేనంది. గూట్లో పిల్లలు పుట్టి ఎగిరిపోయేదాకా ఆగుదాం, ఈలోపు అమ్మ లేచి నిలబడుతుంది, అప్పుడు నెమ్మదిగా చెప్పి తెర కట్టేద్దాం అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని, అమ్మ సంగతి బయటివాళ్ళెవరికీ చెప్పుకోలేదు. ఆ రోజునుంచి అద్దం టప్పుమన్నప్పుడల్లా తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, ఎవరో ఒకరు పెరట్లోకి వెళ్ళడం మొదలైంది. "నాన్న చెప్పాడుగా, సర్దుకుంటోందమ్మా" అని కూతురు కూడా అనేసింది. ఆ పూట డిపోలో చిల్లర లెక్కలన్నీ తప్పిందట.

గూట్లో పిల్లలొచ్చాయి. మేస్త్రి భార్యకి ఇంక వేరే లోకం లేదు.

"ఈ పిగిలిపిట్టలు రెండూ తిరిగినట్టు మన కాపురంలో మీరేనాడైనా తిరిగారా?" అని మొగుణ్ణి దెప్పేది. "చూడండి, అది పురుగు తెస్తే ఇది కాపలా. ఇది తెస్తే అది కాపలా. మీరు పిల్లని ఎత్తుకోమంటే మెడ నిలబడ్డాక ఎత్తుకుంటానన్నారు."

"భయమేసి అన్నానే."

"దానికి మాత్రం భయం లేదేంటి? పిడికెడు లేదు, కాకిని తరిమి కొట్టింది నిన్న."

ఆయన నవ్వేవాడు. నవ్వుతూ చెట్టుకీ అద్దానికీ మధ్య దూరం కళ్ళతో కొలిచేవాడు.

జరగకూడదనుకున్నది ఒక ఆదివారం పొద్దున్న జరిగింది. కూతురు తల్లి వెనక కూర్చుని చిక్కు తీస్తోంది. మేస్త్రి మందుబిళ్ళలు తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని చెట్టుకేసి చూస్తోంది. పక్కగోడ మీంచి పిగిలిపిట్ట ఒకటి ముక్కున పురుగుతో లేచింది. అద్దంలో కనిపించే చెట్టే చెట్టనుకుంది. నేరుగా ఆవిడ మొహంలోకి వస్తున్నట్టే వచ్చి కొట్టుకుంది.

ఆవిడ పెట్టిన కేకకి మందుబిళ్ళలు నేలపాలయ్యాయి. పిట్ట అద్దాన్ని ఆనుకున్న గట్టు మీద పడి కాసేపు రెక్క కొట్టుకుంది. తల మీది నల్లకుచ్చు వణికింది. ఆ తర్వాత ఏమీ కదల్లేదు. పురుగు మాత్రం బతికే ఉంది, గట్టు మీద మెల్లగా పాకుతోంది.

ఆవిడ నెమ్మదిగా తల తిప్పి మొగుడి మొహం చూసింది. అందులో ఆశ్చర్యం లేదు. అదే ఆయన్ని పట్టించింది.

"ఆ చప్పుళ్ళన్నీ ఇవేనా?"

మేస్త్రి వంగి మందుబిళ్ళలు ఏరబోయాడు.

"అడుగుతున్నాను. ఇవేనా?"

"నీ కోసమేనే..."

"నా పేరెత్తకండి!" ఆవిడ ఒక్క అరుపు అరిచింది. "చంపింది మీ అద్దం, దాచింది మీరు. మధ్యలో నా పేరెందుకు? నేను ప్రాణం కూడగట్టుకుంటున్నానని మీరు సంబరపడుతుంటే వెనక వీటి ప్రాణాలు పోతున్నాయా? అలా బతికించమని నేనడిగానా మిమ్మల్ని?"

"అమ్మా, నాన్న తప్పేం లేదే. నువ్వు మళ్ళీ గోడవైపు..."

ఆవిడ చివుక్కున వెనక్కి తిరిగింది. సగం అల్లిన జడ కూతురి చేతిలోంచి జారిపోయింది. "నీకూ తెలుసా?"

కూతురు తల దించుకుంది.

"బాగుంది. తండ్రీ కూతుళ్ళు కూడబలుక్కుని నన్ను మంచం మీద కూర్చోబెట్టి బొమ్మలాట చూపించారు." కాసేపటికి ఆవిడ గొంతు తగ్గింది. "మిమ్మల్నని ఏం లాభం? చప్పుడైన రోజు చెట్టు మీద సందడి తగ్గేది. నాకు కనపడుతూనే ఉంది. అద్దం సర్దుకుంటుందని మీరంటే, నమ్మితే సుఖంగా ఉంటుందని నమ్మేశాను. నేను మాత్రం తక్కువ తిన్నానా?"

ఆవిడ అరిచినప్పుడు తట్టుకున్నాడు గానీ ఈ మాటకి మేస్త్రి తట్టుకోలేకపోయాడు. విసురుగా వెళ్ళి పనిసంచీలోంచి సుత్తి తెచ్చాడు. "పగలగొట్టి పారేస్తాను. పీడా వదిలిపోతుంది."

"పగలగొట్టి పెంకులు ఆ పెరటినిండా పోస్తారా? ఆ పిల్లలు రేపు ఎగరడం నేర్చుకుంటూ ముందు పడేది అక్కడే. కోపం మీ మీద ఉంటే పని చేసి తీర్చుకోండి." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "కొత్త అద్దం బిగించగానే దాని మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు వేస్తారుగా, అదెందుకు?"

"మనుషులు చూసుకోకుండా గుద్దుకుంటారని."

"దీని మీద వేశారా?"

"వేశాను. నీకు చూపించే ముందు నేనే తుడిచేశాను. నీకు చెట్టు శుభ్రంగా కనపడాలని."

"మళ్ళీ వెయ్యండి. ఒక్క గుర్తు కాదు. పిట్ట దూరే సందు కూడా కనపడకూడదు."

"అలా వేస్తే నీకేమీ కనపడదే."

"తెలుసు."

కూతురు బకెట్టులో సున్నం కలిపింది. మేస్త్రి కుంచె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. ముందు గట్టు మీది పిట్టని తీసి, ఈసారి ఎవరికీ దాచకుండా, జామచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చాడు. తర్వాత అద్దం ముందుకి వచ్చి నిలబడ్డాడు.

ఇన్నేళ్ళ పనిలో ఆయన అద్దాన్ని అంచులు చూశాడు, మందం చూశాడు, గీతలేమైనా పడ్డాయా అని చూశాడు. ఎదురుగా నిలబడి అందులోకి చూడటం అదే మొదలు. ఎదర జామచెట్టుంది. ఆకులు కదులుతున్నాయి. చెట్టు వెనక బోలెడంత ఆకాశం, మబ్బు తునకతో సహా. వెళ్దామంటే దారి ఉన్నట్టే ఉంది. మధ్యలో నిలబడిన ముసలాణ్ణి తీసేస్తే అక్కడ అద్దమనేదే లేదు. మరీ దగ్గరికి జరిగితే, ఎండ ఏటవాలుగా పడ్డచోట పొడిపొడిగా మచ్చలు కనపడ్డాయి. ఒక మచ్చలో విప్పిన రెక్క ఈకలతో సహా అచ్చుపడి ఉంది. ఆయన రోజూ కింద పిట్టలు ఏరుకున్నాడు గానీ ఒక్కనాడూ తలెత్తి చూడలేదు.

లోపల్నుంచి అద్దం మీద వేలితో కొట్టిన చప్పుడైంది. "ఇక్కడ మొదలెట్టండి."

ఆయనకి ఆవిడ కనపడదు, గొంతే వినపడుతోంది. చప్పుడైన చోటల్లా గీత గీశాడు.

"ఇంకా దగ్గరగా. అంత ఖాళీలోంచి పిచ్చుక వెళ్ళిపోతుంది."

గీశాడు.

"పైన వదిలేశారు. అక్కడ గూడు కనపడుతోంది నాకింకా. మూసెయ్యండి."

కుంచె ఆగిపోయింది. "అది ఒక్కటీ ఉంచుకోవే."

"అదే దానికి దారిలా కనపడుతుంది. నాకు కనపడిందంటే దానికీ కనపడుతుంది. మూసెయ్యండి అంటుంటే!" అని అద్దం మీద మళ్ళీ వేలితో కొట్టింది.

ఆయన మూసేశాడు. గదిలో వెలుతురు తెల్లగా మసకబారిపోయి ఉంటుందని బయట్నుంచే తెలుస్తోంది. మేస్త్రి కుంచె బకెట్టులో పడేసి చెవి ఒగ్గి విన్నాడు. లోపల్నుంచి మాట లేదు, చప్పుడు లేదు. అయిపోయింది, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది అనుకున్నాడు. లోపలికి వెళ్ళి ఏ మొహం పెట్టుకుని చూడాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

చాలాసేపటికి పెరటి తలుపు దగ్గర ఇనుము నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. నడకబల్ల ముందు, వెనక ఆవిడ, పక్కన చెయ్యి పట్టుకోకుండా పట్టుకున్నట్టే వస్తున్న కూతురు. సగం జడ విడిపోయి ఉంది, మొహమంతా చెమట. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ చూస్తోంది. మేస్త్రి భార్య అటు కన్నెత్తి కూడా చూడలేదు. ఒక్కో అడుగుకీ పళ్ళు బిగబట్టుకుంటూ చెట్టుకి కాస్త ఇవతల ఆగింది. మేస్త్రి పరుగున వెళ్ళబోతే కళ్ళతోనే ఆపేసింది.

మిగిలిన పిగిలిపిట్ట గోడ మీంచి గూటికీ గూటి మీంచి గోడకీ తిరుగుతోంది. కాపలా లేదు. పురుగు తెచ్చి ఒక నోట్లో పెట్టి, రెండో నోరు అరుస్తుంటే మళ్ళీ పరుగు. మధ్యమధ్యలో గోడ మీద ఆగి అటూ ఇటూ చూసి పిలుస్తోంది.

"అది ఇంకా వస్తుందనుకుంటోంది" అంది ఆవిడ. ఆ మాట అంటూ ఏడ్చింది. కూతురూ ఏడ్చింది. కాసేపయ్యాక ఆవిడ మొగుడివైపు తిరిగింది. "మిగతావి ఎక్కడ పెట్టారు?"

"కొట్టు వెనక." అబద్ధమాడాలనిపించలేదాయనకి. "పగిలిన అద్దాలు పోసే కుప్పలో వేశాను."

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. తెల్లగా మారిన అద్దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇలాంటిదే, ఈ పూతదే, ఊళ్ళో ఇంకెన్నిచోట్ల బిగించారు?"

మేస్త్రి చెప్పబోయాడు. పెద్ద ఆసుపత్రి గుర్తొచ్చింది. బ్యాంకు, కాలేజీ, బస్సు డిపో పక్కన కొత్తగా లేచిన ఆఫీసు మేడలు, చెరువు గట్టు మీది హోటలు... అన్నిటికీ చివరిరోజున సున్నపు గుర్తు తన చేత్తోనే తుడిచి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఆకాశం ఎంత బాగా పడిందో చూసి మురిసిపోయాడు. పొద్దున్నే ఊడ్చేవాళ్ళు వచ్చి, సార్లు రాకముందే ఆ గోడల మొదళ్ళు శుభ్రం చేసేస్తారు. అక్కడ చచ్చిన పిట్టల్ని ఎవరు మాత్రం లెక్కపెట్టారు! ఇది కాకపోతే ఇంకోటి వస్తుందని కూతురితో తనన్న మాట చెవుల్లో గింగురుమంది. అక్కడే, సున్నం మరకల మధ్య నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నాన్నా!" అంటూ కూతురు ముందుకి రాబోయింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

ఆవిడ నడకబల్ల ముందుకి నెట్టుకుంది. ఒక అడుగు, ఇంకో అడుగు వేసి ఆయన ముందుకొచ్చి ఆగింది. ఆయన తల మీద చెయ్యి వేద్దామని చూసింది, అందలేదు.

"ఏడవద్దని చెప్పను" అంది. "ఏడవాల్సిందే. కానీ లేచి ఏడవండి. నేను వంగలేను."